గేమింగు కంప్యూటరు నవీకరణ

గేమింగు కంప్యూటరు నవీకరణ అనగా వీడియో గేములు ఆడేందుకు కూర్చుకున్న వ్యక్తిగత కంప్యూటరు పాతబడినప్పుడు, దానిని మొత్తంగా తీసివేయకుండా అందులోని ఒకటి రెండు భాగాలను మాత్రమే మార్చి పనితనాన్ని పెంచుకోవడం. వాడుకలో దీనినే అప్‌గ్రేడ్ చేయించడం అంటారు. పాత యంత్రాన్ని పక్కన పెట్టి కొత్తది కొనడం రెండవ మార్గం. ఈ రెండింటిలో ఏది మేలు అన్నది యంత్రం వయస్సును బట్టి మాత్రమే తేలదు. అందులోని మదర్‌బోర్డు ఏ తరానికి చెందినది, ఏ భాగం వల్ల వేగం తగ్గుతున్నది, యజమాని ఏ గేము ఆడదలచాడు అన్న మూడు విషయాలను కలిపి చూడవలసి ఉంటుంది.

తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాలలో ఈ నిర్ణయం ఇంకొంత బరువైనది. చాలా ఇళ్ళలో ఉండేది ఒకటే కంప్యూటరు. పిల్లల ప్రాజెక్టు పనులు, ప్రవేశ పరీక్షల నమూనా పరీక్షలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఆటలు అన్నీ దాని మీదనే సాగుతాయి. విడిభాగాల పెద్ద మార్కెట్టు సికింద్రాబాదులో ఉన్నది. బోర్డుకు సరిపడని భాగం ఒకటి పొరపాటున కొని తెస్తే, దానిని మార్చుకొని రావడానికి మరొక రోజు, మళ్ళీ ఛార్జీలు. అందుచేత కొనుగోలుకు ముందు ఇంట్లో కూర్చుని చేసే పరిశీలనకే ఇక్కడ విలువ ఎక్కువ. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఈ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని ఇవ్వబడినవి.

నేపథ్యం

భాగాలు మార్చుకొనే వీలు వ్యక్తిగత కంప్యూటరుకు పుట్టుకతో వచ్చినది. 1981లో ఐబీఎం సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరులో అదనపు కార్డులు అమర్చుకొనేందుకు గాడులు ఉండేవి. దాని నిర్మాణ వివరాలు బహిరంగంగా లభించడంతో ఇతర సంస్థలు కూడా దానికి సరిపోయే భాగాలు తయారు చేయసాగాయి. మన ఊళ్ళలోని అసెంబుల్డు కంప్యూటర్ల దుకాణాలకు మూలం అక్కడే ఉన్నదని చెప్పవచ్చు. ఆటల కోసం ప్రత్యేకంగా కార్డు కొనే అలవాటును 1996లో వచ్చిన త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ కార్డు బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256 కార్డును విడుదల చేసింది. గ్రాఫిక్స్ కార్డు కూర్చునే గాడి కూడా మారుతూ వచ్చింది. 1997లో ఏజీపీ వచ్చింది, 2004 నాటికి పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్కెట్టులోకి వచ్చి నేటికీ కొనసాగుతున్నది.

ఇంటెల్ సహ వ్యవస్థాపకుడు గోర్డన్ మూర్ ఒక చిప్పులో పట్టే ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏడాదికి రెట్టింపు అవుతున్నదని 1965లో అంచనా వేసి, 1975లో దానిని రెండేళ్ళుగా సవరించాడు. 1990లలో కొన్న కంప్యూటరు మూడు నాలుగేళ్ళకే పనికిరానిదిగా కనిపించడానికి ఈ వేగమే కారణం. తరువాతి కాలంలో పరిస్థితి మారింది. 2017లో కొన్న మంచి కంప్యూటరు ఎనిమిదేళ్ళ తరువాత కూడా చాలా పనులకు సరిపోయింది. నవీకరణా, మార్పిడా అన్న సందేహం ఇంత మందికి కలగడానికి ఇదే కారణం. యంత్రం పూర్తిగా చెడిపోతే సందేహమే ఉండదు కదా!

మదర్‌బోర్డు తరం

నవీకరణకు హద్దు గీసేది మదర్‌బోర్డు. ప్రాసెసరు అమరే సాకెట్టు, ర్యామ్ రకం రెండూ బోర్డుతోనే నిర్ణయమై ఉంటాయి. డీడీఆర్3 ర్యామ్ 2007లో, డీడీఆర్4 2014లో మార్కెట్టులోకి వచ్చాయి. డీడీఆర్5 ప్రమాణం 2020లో ప్రకటింపబడి, 2021 చివరలో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లతో ఇళ్ళలోకి వచ్చింది. ఒక రకం ర్యామ్ మరొక రకం గాడిలో పట్టదు. వాటి అంచున ఉండే గంటు చోటు వేరుగా ఉంటుంది.

సాకెట్ల విషయంలో ఇంటెల్, ఏఎండీ సంస్థల దారులు వేరు. ఇంటెల్ 2013లో ఎల్‌జీఏ 1150, 2015లో ఎల్‌జీఏ 1151, 2020లో ఎల్‌జీఏ 1200, 2021లో ఎల్‌జీఏ 1700, 2024లో ఎల్‌జీఏ 1851 సాకెట్లను తెచ్చింది. కనుక ఇంటెల్ బోర్డుపై సాధారణంగా ఒకటి రెండు తరాల ప్రాసెసర్లకు మించి పనిచేయవు. పేరు ఒకటే అయినా మోసపోయే సందర్భం కూడా ఒకటి ఉన్నది. 2017లో వచ్చిన 8వ తరం ప్రాసెసర్లకు కూడా ఎల్‌జీఏ 1151 సాకెట్టే. అయినా 6, 7 తరాల బోర్డులపై అవి పనిచేయవు, వాటికి 300 శ్రేణి చిప్‌సెట్ కావాలి. సాకెట్టు పేరు చూసి పాత 8వ తరం ప్రాసెసరును కొని తెచ్చినవారికి నిరాశ తప్పదు.

ఏఎండీ వారి ఏఎం4 సాకెట్టు ఇందుకు భిన్నం. 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్లకు వాడిన ఈ సాకెట్టుపైనే 2022లో రైజెన్ 5 5600, రైజెన్ 7 5800ఎక్స్3డీ, 2024లో రైజెన్ 7 5700ఎక్స్3డీ విడుదలయ్యాయి. మొదటి తరం బీ350 బోర్డులకు సైతం 2022లో బయోస్ సవరణల ద్వారా కొత్త ప్రాసెసర్లను నడిపే వీలు కలిగింది. 2022 సెప్టెంబరులో వచ్చిన ఏఎం5 సాకెట్టు డీడీఆర్5ను మాత్రమే స్వీకరిస్తుంది.

తమ బోర్డు ఏదో తెలుసుకోవడానికి క్యాబినెట్టు విప్పనవసరం లేదు. విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పుటలో బేస్‌బోర్డు పేరు ఉంటుంది. ఆ పేరుతో తయారీదారు వెబ్‌సైటులో వెదికితే ఆ బోర్డు అంగీకరించే ప్రాసెసర్ల జాబితా, ఒక్కొక్క దానికి కావలసిన బయోస్ సంచిక కనిపిస్తాయి. మన ప్రాంతంలో మొత్తం క్యాబినెట్టునే సీపీయూ అని పిలిచే అలవాటు ఉన్నది. దుకాణదారుతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఇది అపార్థాలకు దారి తీస్తుంది కనుక ప్రాసెసరు, క్యాబినెట్టు అని విడివిడిగా చెప్పడం మంచిది.

లోపం ఎక్కడున్నది

నిజాంసాగరు ప్రధాన కాలువ ఎంత వెడల్పైనా, చేను దగ్గరి తూము చిన్నదైతే మడిలోకి పారే నీరు తూము మేరకే ఉంటుంది. కంప్యూటరులో కూడా అన్నిటికంటె వెనుకబడిన భాగమే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. ఆ తూమును కనుగొనకుండా కాలువను వెడల్పు చేయడం చాలామంది చేసే వృథా ఖర్చు.

పరీక్ష సులభమైనది. గేము నడుస్తుండగా టాస్క్ మేనేజరులో ప్రాసెసరు, గ్రాఫిక్స్, మెమొరీ, డిస్కు వాడకాన్ని గమనించాలి. గ్రాఫిక్స్ వాడకం 95 శాతానికి పైన నిలకడగా ఉంటే హద్దు గ్రాఫిక్స్ కార్డు వద్ద ఉన్నట్లు. గ్రాఫిక్స్ 50, 60 శాతం దగ్గరే ఉండి దృశ్యం తడబడుతుంటే ప్రాసెసరును అనుమానించాలి. ప్రాసెసరు మొత్తం వాడకం తక్కువగా కనిపించినా ఒక్క కోరు పూర్తిగా నిండి ఉండవచ్చు కాబట్టి కోర్ల వారీగా చూడాలి. మరొక పద్ధతి, గేము రిజల్యూషన్‌ను 1080 నుండి 720కి తగ్గించి చూడడం. అప్పుడు సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య బాగా పెరిగితే లోటు గ్రాఫిక్స్ కార్డుది, ఏమీ పెరగకపోతే ప్రాసెసరుది. మెమొరీ నిండిపోయి డిస్కు 100 శాతం చూపుతూ ఉంటే ర్యామ్ చాలడం లేదన్నమాట.

కంప్యూటరు నెమ్మదించిందని అనుకునే సందర్భాలలో కొన్నిటికి కంప్యూటరుతో సంబంధమే ఉండదు. ఆన్‌లైన్ గేములో పాత్ర ఉన్నచోట ఆగి, ఒక్కసారిగా మరొకచోట ప్రత్యక్షమైతే లోపం ఇంటర్నెట్టుది. గ్రాఫిక్స్ కార్డు మార్చినా అది పోదు. అలాగే సెకనుకు 60 సార్లు మాత్రమే చిత్రాన్ని మార్చగల మానిటరుపై 140 ఫ్రేములు వచ్చినా కంటికి కనిపించే చిత్రాలు 60కి మించవు.

ఆట మొదలుపెట్టిన పదిహేను, ఇరవై నిమిషాల వరకు బాగుండి తరువాత నెమ్మదిస్తే వేడి కారణం కావచ్చు. ప్రాసెసరు గాని గ్రాఫిక్స్ చిప్పు గాని హద్దు దాటి వేడెక్కితే తనను తాను కాపాడుకొనేందుకు వేగం తగ్గించుకుంటుంది. ఐదారేళ్ళుగా విప్పని క్యాబినెట్టులో దుమ్ము ఊదించి, ప్రాసెసరుపై ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది పూయిస్తే కొన్ని యంత్రాలు మళ్ళీ పూర్వపు వేగాన్ని అందుకుంటాయి. దీనికయ్యే ఖర్చు నామమాత్రం. నవీకరణ ఆలోచనకు ముందు ఈ పని చేయించడం తప్పనిసరి అని చెప్పాలి.

ఏ భాగం మారిస్తే ఏమి మారుతుంది

ఇంకా హార్డు డిస్కు మీదనే విండోస్ నడుస్తున్న కంప్యూటరుకు ఎస్ఎస్‌డీ అమర్చడం అన్నిటికంటె ముందు చేయవలసిన మార్పు. మామూలు హార్డు డిస్కు సెకనుకు 150 మెగాబైట్ల ప్రాంతంలో చదివితే, సాటా ఎస్ఎస్‌డీ 550 వరకు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0పై నడిచే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 3500 వరకు చదువుతాయి. నిజానికి ఈ అంకెలకంటె ముఖ్యమైనది, చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్ళను వెదికి తీయడంలో ఎస్ఎస్‌డీ చూపే తేడా. ఎస్ఎస్‌డీ వల్ల ఫ్రేముల సంఖ్య పెరగదు, గేము తెరుచుకొనే సమయం తగ్గుతుంది. అయితే 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ వంటి గేములకు ఎస్ఎస్‌డీ ఉండడం కనీస అర్హత అయింది. 2014 నాటి బోర్డులలో చాలావరకు ఎన్‌వీఎంఈ నుండి విండోస్‌ను ప్రారంభించలేవు, వాటికి సాటా రకమే తీసుకోవాలి. ఈ ఎస్ఎస్‌డీని రేపు కొత్త కంప్యూటరులోకి మార్చుకోవచ్చు కనుక ఈ ఖర్చు ఎటూ వృథా కాదు.

ర్యామ్ విషయంలో 8 జీబీ నుండి 16 జీబీకి పెంచడం వల్ల కలిగే మేలు స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే 16 జీబీ కడ్డీ కంటె రెండు 8 జీబీ కడ్డీలు వేస్తే ర్యామ్ రెండు మార్గాలలో పనిచేస్తుంది కనుక అదే మంచిది. అయితే ర్యామ్ ఎప్పుడూ చౌకే అన్న పాత మాట 2025లో చెల్లలేదు. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ వల్ల ఆ ఏడాది చివరి నెలలలో ప్రపంచమంతటా ర్యామ్ ధరలు తీవ్రంగా పెరిగాయి. క్రూషియల్ పేరిట నడిచే తన వినియోగదారుల వ్యాపారం నుండి తప్పుకొంటున్నట్లు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇటువంటి కాలంలో ఉన్న డీడీఆర్4 ర్యామ్‌ను నిలుపుకొని చేసే నవీకరణకు విలువ పెరుగుతుంది. మొత్తం మార్చాలంటే డీడీఆర్5 ర్యామ్ కూడా కొనవలసి రావడమే అందుకు కారణం.

ఆటల వేగాన్ని అన్నిటికంటె ఎక్కువగా మార్చేది గ్రాఫిక్స్ కార్డు. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1060 కార్డులు మన దేశంలో విస్తారంగా అమ్ముడయ్యాయి. వాటి స్థానంలో ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 3060, ఆర్‌టీఎక్స్ 4060 వంటివి వేసుకునేవారు ఎక్కువ. ఇక్కడ చూడవలసినవి మూడు. మొదటిది ఎస్ఎంపీఎస్ శక్తి. జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్లతో, చాలావరకు అదనపు తీగ లేకుండానే నడుస్తుంది. ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు కావాలి. చౌక క్యాబినెట్టుతో పాటు కలిపి ఇచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉన్నా, అంత భారాన్ని అది మోయగలదని నమ్మరాదు. రెండవది పొడవు. పాత క్యాబినెట్టులో హార్డు డిస్కు అరలకు అడ్డం పడకుండా కార్డు పడుతుందా అన్నది స్కేలుతో కొలిచి చూడాలి. మూడవది పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు. 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే లేన్లు ఉన్నాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 ఉన్న పాత బోర్డులో అది కొత్త బోర్డులో చూపే వేగాన్ని చూపలేదు. ఎనిమిది లేన్లు గల ఆర్ఎక్స్ 6600కు ఆ నష్టం స్వల్పం. పాత కంప్యూటర్ల కోసమని చౌక కార్డు కొనేవారికే ఈ నష్టం ఎక్కువగా తగలడం విచిత్రం.

కార్డులో ఉన్న శక్తితో పాటు దానికి ఉన్న సౌకర్యాలు కూడా ఇప్పుడు లెక్కకు వస్తున్నాయి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ గేములకు రే ట్రేసింగు చేయగల కార్డు తప్పనిసరి. జీటీఎక్స్ 10 శ్రేణి కార్డుతో అవి నడవవు, ఎంత తక్కువ నాణ్యతకు ఒప్పుకున్నా ఫలితం ఉండదు. ఆ శ్రేణికి కొత్త గేములకు అనుగుణమైన డ్రైవర్లను ఇవ్వడాన్ని ఎన్విడియా 2025 అక్టోబరుతో ముగించింది. భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు వరకు ఇస్తామని తెలిపింది.

విండోస్ 10 గడువు

ఇంతకు ముందు తరాల చర్చలో లేని ఒక అంశం 2025లో ముందుకు వచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్ళలో వాడేవారికి 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా సవరణలు అందే ఏర్పాటును ఆ సంస్థ ప్రకటించింది. 2021 అక్టోబరు 5న విడుదలైన విండోస్ 11కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ చేయగల బోర్డు కావాలి. ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి మొదలు అర్హత ఉన్నది. అనగా బాగానే పనిచేస్తున్న 7వ తరం ప్రాసెసరు కూడా అనర్హమైనది. అర్హత లేని యంత్రంలో కూడా విండోస్ 11ను ఎక్కించే దొడ్డిదారులు ఉన్నాయి గాని, అటువంటి యంత్రాలకు సవరణలు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు.

గేములు కూడా ఇదే దారి పట్టాయి. వాలొరెంట్ గేము విండోస్ 11పై ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ పనిచేస్తూ ఉండాలి. 2025 అక్టోబరులో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6కు సెక్యూర్ బూట్ తప్పనిసరి. ఇవి బోర్డులో ఉండి కూడా బయోస్‌లో ఆపివేసి ఉండడం తరచు జరుగుతుంది. కంప్యూటరు పనికిరాదని తేల్చుకొనే ముందు బయోస్‌లో వీటిని తెరిచి చూడాలి. ఇంటెల్ బోర్డులలో టీపీఎంను పీటీటీ అని, ఏఎండీ బోర్డులలో ఎఫ్‌టీపీఎం అని వ్యవహరిస్తారు. స్టీమ్ 2024 జనవరి 1 నుండి విండోస్ 7, 8, 8.1లకు మద్దతు ఆపివేసింది.

లినక్సు మరొక దారి. 2018లో స్టీమ్‌లో ప్రవేశపెట్టిన ప్రోటాన్ అనే ఏర్పాటు వల్ల విండోస్ గేములు చాలా లినక్సుపై కూడా నడుస్తున్నాయి. వాలొరెంట్ వంటి కొన్ని ఆన్‌లైన్ గేములు మాత్రం నడవవు. ఒంటరిగా ఆడే పాత గేములతో తృప్తిపడేవారికి, చదువు పనులకు ఇది చక్కగా సరిపోతుంది.

మూడు నమూనా యంత్రాలు

2014 నాటి యంత్రం: ఐ5-4460 ప్రాసెసరు, 8 జీబీ డీడీఆర్3, హార్డు డిస్కు. నాలుగు కోర్లే ఉన్న ఈ ప్రాసెసరు, డీడీఆర్3 బోర్డు రెండూ దారి చివరకు చేరినవి. దీనిపై పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టడం దండగ. సాటా ఎస్ఎస్‌డీ ఒకటి వేసి చదువు పనులకు, 2015లో కంప్యూటర్లకు వచ్చిన జీటీఏ 5 తరం గేములకు వాడుకోవడం, కొత్త గేములు కావాలంటే డబ్బు కూడబెట్టి యంత్రాన్నే మార్చడం మేలు.

2017 నాటి యంత్రం: ఐ5-7400, 8 జీబీ డీడీఆర్4, జీటీఎక్స్ 1050 టీఐ. తేల్చుకోవడం కష్టమైనది ఇదే. ఈ బోర్డుపై పట్టే మేలైన ప్రాసెసరు ఐ7-7700 తరగతిది. అది కూడా నాలుగు కోర్లదే, విండోస్ 11 జాబితాలో లేనిదే. పాత మార్కెట్టులో దానికి పెట్టే డబ్బు తిరిగి రాదు. అయితే మొత్తం ఒకేసారి మార్చనవసరం కూడా లేదు. మొదటి విడతలో మంచి ఎస్ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ కొని పాత బోర్డు మీదనే వాడుకోవచ్చు. ప్రాసెసరు వెనుకబడినందువల్ల కార్డు పూర్తి శక్తి అప్పుడే కనిపించదు. పంట డబ్బు చేతికి వచ్చినప్పుడో, మరుసటి ఏడాదో రెండవ విడతగా బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మార్చితే ముందు కొన్నవన్నీ అందులోకి చేరతాయి. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో మధ్యతరగతి కుటుంబానికి ఈ రెండు విడతల పద్ధతి అన్నిటికంటె తగినది. మొదటి విడతలో ప్రాసెసరు మీద మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టరాదు.

2019 నాటి యంత్రం: రైజెన్ 5 2600, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4. దీనిని మార్చవలసిన పని లేదు. బయోస్ సవరించి రైజెన్ 5 5600 వంటి ప్రాసెసరు, ఆపైన గ్రాఫిక్స్ కార్డు వేస్తే మరికొన్నేళ్ళు నడుస్తుంది. విండోస్ 11కు అర్హత ఇప్పటికే ఉన్నది. బయోస్ సవరణ పాత ప్రాసెసరు ఉండగానే చేయాలి. ఆ రెండు మూడు నిమిషాలలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉన్నది కనుక యూపీఎస్ లేకుండా ఆ పనికి పూనుకోరాదు. గాలివానల రోజులలో అసలే వద్దు.

అప్‌గ్రేడ్ ఖర్చు, అదే పనితనం గల కొత్త యంత్రం ధరలో సగాన్ని దాటితే కొత్తదే కొనాలన్నది ఒక మోటు లెక్క. ఈ లెక్కలో పాత యంత్రం నుండి కొత్తదానికి మార్చుకోగల ఎస్ఎస్‌డీ, క్యాబినెట్టు, మానిటరు వంటి వాటి ధరను ఖర్చుగా చూపరాదు.

పేరున్న సంస్థలు తయారుగా అమ్మే డెస్కుటాపులలో కొన్నిటికి బోర్డు, ఎస్ఎంపీఎస్ ఆ సంస్థ ప్రత్యేక కొలతలలో ఉంటాయి. వాటిలో ర్యామ్, ఎస్ఎస్‌డీ తప్ప మార్చగలిగినది స్వల్పం. కార్యాలయాలలో వాడి తీసివేసిన చిన్న డెస్కుటాపులను చౌకగా కొని గేములకు మలచుకోవాలనుకునేవారు, వాటిలో పొట్టి కార్డు మాత్రమే పడుతుందని, అది కూడా 75 వాట్ల లోపుది అయి ఉండాలని గుర్తించాలి. లాప్‌టాపులలో గ్రాఫిక్స్ చిప్పును మార్చే వీలు దాదాపు లేదు.

కరెంటు, ఎండ, దుమ్ము

కొనుగోలు సలహాలిచ్చే పుస్తకాలలో, వీడియోలలో ఈ విషయం అంతగా కనబడదు. అవి ఎక్కువగా చలిదేశాలలో తయారవుతాయి. కామారెడ్డి ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. గదిలో వేడి పది డిగ్రీలు పెరిగితే క్యాబినెట్టు లోపలి వేడి కూడా సుమారు అంతే పెరుగుతుంది. చలికాలంలో చక్కగా నడిచిన గ్రాఫిక్స్ కార్డు ఎండాకాలంలో తడబడడానికి ఇదే హేతువు. వరి కోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబోసే ఊళ్ళలో సన్నని నుసి ఫ్యాన్లలోకి, హీట్‌సింకులలోకి చేరుతుంది. ముందు వైపు జాలీ లేని పాత క్యాబినెట్టులో శక్తిమంతమైన కార్డు పెట్టదలిస్తే గాలి వచ్చే దారిని కూడా చూడాలి.

ఎర్తింగు లేని ఇళ్ళలో క్యాబినెట్టును ముట్టుకుంటే చేయి జుమ్మంటుంది. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టరు ద్వారా స్వల్ప విద్యుత్తు రేకు మీదికి రావడం వల్ల ఇలా జరుగుతుంది. టీవీకి గాని మానిటరుకు గాని తీగ తగిలించేటప్పుడు కొత్త గ్రాఫిక్స్ కార్డు పోర్టు కాలిపోవడానికి ఇది కారణం కాగలదు. వేల రూపాయల కార్డు కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు తీగ సరిచేయించడం నవీకరణలో భాగమే. ఇక 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. పాత కార్డుకు సరిపోయిన ఆ యూపీఎస్, కొత్త కార్డుతో గేము ఆడుతుండగా కరెంటు పోతే పెట్టె మొత్తాన్ని ఆర్పివేయవచ్చు. ఇంటి ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ రకానిదైతే కొత్త రకం ఎస్ఎంపీఎస్‌లు దానిపై సరిగా పనిచేయకపోవచ్చు, సైన్ వేవ్ రకం శ్రేయస్కరం.

కరెంటు బిల్లు సంగతి కూడా చూడాలి. ఆట సమయంలో మానిటరుతో కలిపి 300 వాట్లు తీసుకునే యంత్రాన్ని రోజుకు ఐదు గంటలు వాడితే రోజుకు ఒకటిన్నర యూనిట్లు, నెలకు 45 యూనిట్లు అవుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రారంభించిన గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితం. 200 దాటిన నెలలో ఆ సున్నా బిల్లు వర్తించదు. నెలకు 170 యూనిట్లు వాడే ఇంటిలో ఈ 45 యూనిట్లు చేరితే మొత్తం 215. అటువంటి ఇంటిలో పాత పెద్ద కార్డును చౌకగా కొనడం కంటె, తక్కువ వాట్లతో అదే పని చేసే కొత్త తరం కార్డు లాభసాటి కావచ్చు. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 తీసుకునేది 115 వాట్లు.

2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన అతిభారీ వర్షాలకు కామారెడ్డి పట్టణంలోని లోతట్టు కాలనీలు నీట మునిగాయి. వరదనీటిలో తడిసిన కంప్యూటరు విషయంలో నియమం వేరు. ఆరబెట్టిన తరువాత అది వెలిగినా, బురద లవణాల వల్ల బోర్డు కొన్ని నెలల తరువాత చెడిపోవచ్చు. తడిసిన ఎస్ఎంపీఎస్‌ను తిరిగి వాడరాదు, అది ప్రాణాపాయం. అటువంటి యంత్రంపై నవీకరణ ఖర్చు పెట్టకుండా, డిస్కులోని ఫైళ్ళను కాపాడుకొని మిగతాది మార్చడం ఉత్తమం.

కొనుగోలు

సికింద్రాబాదు పార్కు లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఈ ప్రాంతపు కంప్యూటరు విడిభాగాలకు కేంద్రం. ప్రజలు దానిని సీటీసీ అంటారు. కామారెడ్డి సికింద్రాబాదు–నిజామాబాదు రైలు మార్గంలో, 44వ జాతీయ రహదారిపై ఉన్నందున పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. కామారెడ్డికి నలభై కిలోమీటర్ల దూరంలోని ఎల్లారెడ్డికి రైలు లేదు, బస్సే ఆధారం. అక్కడివారు మెదక్ మీదుగా కూడా హైదరాబాదు వెళ్తుంటారు. ఆన్‌లైన్‌లో కొంటే ప్రయాణం తప్పుతుంది గాని, సరిపోయేదీ లేనిదీ చెప్పే మనిషి ఉండడు. ఊళ్ళోని దుకాణంలో ధర కొంత ఎక్కువైనా, చెడితే తీసుకొని వెళ్ళి మార్చి తెచ్చే బాధ్యత దుకాణదారు తీసుకుంటే ఆ తేడా న్యాయమైనదే.

ఏ దారిలో కొన్నా జీఎస్‌టీ బిల్లు తీసుకోవాలి. బిల్లు లేకుండా 18 శాతం మిగుల్చుకున్నవారు తరువాత వారంటీ అడిగేటప్పుడు ఇబ్బంది పడతారు. పాత గ్రాఫిక్స్ కార్డుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం నాణెపు మైనింగు ఆగిపోయినప్పుడు, రాత్రింబగళ్ళు నడిచిన కార్డులు ప్రపంచమంతటా పాత మార్కెట్టుకు చేరాయి. మైనింగు కార్డు అన్నంత మాత్రాన చెడ్డదని కాదు. వాటి చిప్పుకంటె ఫ్యాన్లు, మెమొరీ వద్ద పెట్టిన మెత్తలు ముందుగా అరుగుతాయి. అమ్మేవారి ఎదుటనే అరగంట గేము గాని, భారీ పరీక్ష గాని నడిపించి వేడిని, తెరపై మచ్చలను గమనించిన తరువాతే డబ్బు ఇవ్వాలి. దానికి ఒప్పుకోని చోట కొనకపోవడమే మంచిది.

విండోస్ లైసెన్సు కూడా ఖర్చులోకి వస్తుంది. కంప్యూటరుతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ మదర్‌బోర్డుకు కట్టుబడి ఉంటుంది, బోర్డు మారితే అది కొత్త బోర్డుకు రాదు. విడిగా కొన్న రిటెయిల్ లైసెన్సును మాత్రం మార్చుకోవచ్చు.

పాత యంత్రం

మార్పిడి తరువాత మిగిలిన పాత కంప్యూటరును తమ్ముళ్ళకో చెల్లెళ్ళకో చదువు పనులకు ఇవ్వడం మన ఇళ్ళలో సహజంగా జరిగేదే. ఎస్ఎస్‌డీ వేసి, లినక్సు ఎక్కించిన 2014 నాటి కంప్యూటరు టైపింగుకు, ప్రోగ్రామింగు నేర్చుకొనేందుకు నేటికీ సరిపోతుంది. అమ్మివేస్తే అంతకు ముందు డిస్కును పూర్తిగా తుడిచివేయాలి. ఫైళ్ళను డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు. ఆధార్ నకళ్ళు, బ్యాంకు కాగితాలు దాచిన డిస్కు అయితే దానిని అమ్మకుండా ఇంట్లోనే ఉంచుకోవడం మేలు.

పూర్తిగా చెడిన భాగాలను పాత ఇనుప సామాను కొనేవారికి వేయడం సరికాదు. బోర్డులలో సీసం వంటి లోహాలు ఉంటాయి, రాగి కోసం తీగలను కాల్చినప్పుడు విషవాయువులు వెలువడతాయి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు వాటిని రీసైక్లింగుకు చేర్చే బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. చెడిన బోర్డులను, కార్డులను అధికారికంగా నమోదైన రీసైక్లింగు సంస్థకు గాని, పాత సరుకు తిరిగి తీసుకునే తయారీదారు కేంద్రానికి గాని అప్పగించాలి. సికింద్రాబాదు వెళ్ళే రోజున వాటిని కూడా సంచిలో పెట్టుకొని వెళ్తే రెండు పనులూ ఒకే ప్రయాణంలో తీరుతాయి.